ఆగినవాడు మళ్ళీ ఎందుకు కదిలాడు: ఒక లెవెల్ క్రాసింగ్ కేస్ స్టడీ

రోడ్డూ రైలు పట్టాలూ కలిసే చోట మనుషులు ఎలా నిర్ణయం తీసుకుంటారో పరిశీలించి చెప్పడం నా వృత్తి. ప్రమాదం జరిగాకో, త్రుటిలో తప్పాకో పిలుస్తారు. ఈ కేసు రాయాలనిపించడానికి ఒక ప్రత్యేక కారణం ఉంది. భద్రత పెంచుదామని చేసిన ఒక మార్పే ఇక్కడ ముప్పు తెచ్చింది. కాగితం మీద చూస్తే ఆ మార్పును ఎవరూ తప్పు పట్టరు. చేసినవాళ్ళు తెలివైనవాళ్ళు, బాధ్యత గలవాళ్ళు కూడా.

ఊరు, లైను, సంస్థల గుర్తులు తీసేశాను. దూరాలు, వేగాలు కాస్త సవరించి రౌండ్ అంకెలు చేశాను. వాటి మధ్య ఉన్న లెక్క మాత్రం చెడలేదు.

క్రాసింగ్ ఎలాంటిది

డబుల్ లైను. దాన్ని దాటుతూ రెండు దిక్కులా వాహనాలు నడిచే మామూలు రోడ్డు, మధ్యలో డివైడర్ లేదు. గేట్‌మన్ లేడు, అంతా ఆటోమేటిక్. రైలు ఒక నిర్ణీత దూరంలోకి రాగానే ఎర్రలైట్లు మార్చి మార్చి వెలుగుతాయి, గంట మోగుతుంది, కొన్ని సెకన్లకు సగం గేట్లు పడతాయి. సగం గేటంటే పట్టాల మీదికి వెళ్ళే వైపు రోడ్డును మాత్రమే మూసేది. బయటికి వచ్చే వైపు తెరిచే ఉంటుంది. గేటు పడే వేళకు లోపలున్న వాహనం చిక్కుకుపోకుండా బయటపడాలని అలా వదిలేస్తారు. దాంతో వచ్చే చిక్కు కూడా అదే: ఓపిక లేనివాడు తెరిచి ఉన్న సగంలోంచి రాంగ్ సైడ్‌లో దూరి, పట్టాల మీద వంకర తిరిగి అవతలికి పోవచ్చు.

ఈ లైను మీద రెండు రకాల బళ్ళు తిరుగుతాయి. గంటకు 110 కి.మీ. వేగంతో ఆగకుండా పోయే ఎక్స్‌ప్రెస్‌లు కొన్ని. మామూలుగా 30 దాటని గూడ్సు బళ్ళు వాటికంటే చాలా ఎక్కువ. క్రాసింగ్‌కి ఒక వైపు గూడ్సు యార్డు ఉంది. మెయిన్ లైను దాని పక్కనుంచే వస్తుంది. పెట్టెలను అటూ ఇటూ మార్చే షంటింగ్ ఇంజన్లు యార్డు మొన దాకా వచ్చి వెనక్కి పోతుంటాయి, చాలాసార్లు క్రాసింగ్ దాకా రానే రావు.

110 కి.మీ. అంటే సెకనుకు 30 మీటర్ల పైమాటే. రైలు వచ్చేలోపు 25 సెకన్ల హెచ్చరిక ఉండాలంటే దాన్ని 765 మీటర్ల దూరంలోనే పసిగట్టాలి. మొదట్లో ఇక్కడ ఉన్నది ఆ ఏర్పాటే. 25 సెకన్లు తక్కువేమీ కాదు. అమెరికా ప్రమాణం కనీసం 20 సెకన్లు అంటుంది, బ్రిటన్‌లో ఇలాంటి సగం గేట్ల క్రాసింగ్‌లకు కనీసం 27.

పిలుపు ఎందుకొచ్చింది

ఒక ఎక్స్‌ప్రెస్ లోకో పైలట్ ఎమర్జెన్సీ బ్రేకు వేసినట్టు రిపోర్టు ఇచ్చాడు. సరుకులు చేరవేసే చిన్న వ్యాను ఒకటి గేటు చుట్టూ తిరిగి సరిగ్గా రైలు ముందు నుంచి దాటింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ వేగంలో ఉన్న రైలు ఆగడానికి కిలోమీటరు దాకా పట్టొచ్చు. కాబట్టి ఆ ప్రమాదాన్ని తప్పించింది బ్రేకు కాదు, వ్యాను ఇంజను ఆ క్షణంలో మొరాయించకపోవడమే.

రిపోర్టులో కారణం దగ్గర "వాహనదారుడి నిర్లక్ష్యం" అని రాశారు. అందులో అబద్ధం లేకపోవచ్చు. కానీ ఆ కారణాన్ని పట్టుకుని ఏ ఇంజనీరూ చేయగలిగిన పని ఏదీ లేదు. పైగా అంతకుముందు ఏడాదికీ ఈ ఏడాదికీ ఇలాంటి రిపోర్టులు పెరిగాయని, మధ్యలో ఊళ్ళో మనుషులేమీ మారలేదని రైల్వే వాళ్ళే చెప్పారు. ఒక్కసారిగా అందరికీ నిర్లక్ష్యం ఎందుకు ముంచుకొస్తుంది? నేను పట్టుకున్న కొస అది.

అప్పటికే చేసినవి

నేను వెళ్ళేసరికి నాలుగు పనులు జరిగిపోయాయి. బొమ్మలతో పెద్ద హెచ్చరిక బోర్డు పెట్టారు. పోలీసులు కొన్నాళ్ళు నిలబడి జరిమానాలు వేశారు. వాళ్ళున్నంతసేపు అందరూ ఆగారు, జీపు వెళ్ళిపోగానే మళ్ళీ మామూలే. పాత బల్బులు తీసేసి దూరానికి కొట్టొచ్చినట్టు కనిపించే ఎల్‌ఈడీ లైట్లు బిగించి, గంట శబ్దం పెంచారు.

నాలుగోది చివర్లో, ఏదో పెద్ద విషయం కానట్టు చెప్పారు. అంతకుముందు జరిగిన ఒక చిన్న ఘటన తర్వాత హెచ్చరిక సమయాన్ని పది సెకన్లు పెంచారట. రైలును పసిగట్టే చోటును 765 మీటర్ల నుంచి 1,070 మీటర్లకు జరిపారు. "ఇంకా ఎక్కువ టైమ్ ఇచ్చాం సార్, అయినా వినట్లేదు" అన్నాడు సిగ్నల్ ఇంజనీరు. ఆయన గొంతులో విసుగు కంటే బాధే ఎక్కువ వినిపించింది.

వీడియోల్లో కనిపించింది

ఎర్రలైటు దాటి పోయినవాళ్ళందరినీ ఒకే గాటన కట్టడం ఈ వృత్తిలో మొదటి అడ్డంకి. నిజానికి వాళ్ళు మూడు రకాలు. లైటును గమనించనే గమనించనివాళ్ళు మొదటి రకం. లైటు వెలిగే క్షణానికి మరీ దగ్గరికి వచ్చేసి, ఆగాలా పోవాలా తేల్చుకోలేక దాటేసేవాళ్ళు రెండో రకం. లైటు చూసి, బుద్ధిగా ఆగి, కాసేపయ్యాక మళ్ళీ కదిలేవాళ్ళు మూడో రకం. మొదటివాళ్ళకు మెరుగైన లైట్లు కావాలి. రెండోవాళ్ళకు లైటుకీ గేటుకీ మధ్య వ్యవధి సరిగ్గా ఉండాలి. మూడోవాళ్ళకు ఈ రెండిటితోనూ పని లేదు, వాళ్ళు లైటును చూశారు కాబట్టే కదా ఆగింది.

ఈ క్రాసింగ్‌లో దాదాపు అందరూ మూడో రకమే. అంటే బోర్డు, ఎల్‌ఈడీ, పెద్ద గంట, మూడూ లేని జబ్బుకి మందులు.

ఒక వీడియో ముక్కను పదేపదే వెనక్కి తిప్పి చూశాను. టూవీలర్ మనిషి గేటు ముందు ఆగి, ఇంజను ఆపి, రెండు కాళ్ళూ నేల మీద పెట్టాడు. ఇది తొందరలో ఉన్నవాడి వాలకం కాదు. కాసేపటికి యార్డు వైపు తల తిప్పాడు. మళ్ళీ ఒకసారి అటే. అక్కడ దూరంగా ఒక హెడ్‌లైటు వెలుగుతోంది. రెండో వైపు ఒక్కసారి, అదీ చూపు నిలపకుండా చూశాడు. ఒక కాలు పైకెత్తి, ఇంజను స్టార్ట్ చేసి, ఆ హెడ్‌లైటు మీద నుంచి చూపు తీయకుండా బండిని పక్కకు తిప్పాడు. అతను దాటగానే వెనకున్న ఇద్దరు కదిలారు. వాళ్ళు పట్టాల వైపు చూడనే లేదు, అతని వీపునే చూస్తూ వెళ్ళిపోయారు.

మొదటివాడు లెక్క వేసుకున్నాడు, వెనకవాళ్ళు అతని లెక్కను నమ్మారు. నేను మార్చాల్సింది ఆ మొదటివాడి లెక్కనే. ఎంతమంది దాటారన్నది రైల్వే వాళ్ళు అప్పటికే లెక్కపెట్టారు. లైటు వెలిగిన ఎన్నో సెకనుకు కదిలారన్నది మాత్రం ఎవరూ రాసుకోలేదు. నేను అది రాయించాను. రోజూ తిరిగేవాళ్ళు ఎక్కువమంది అరనిమిషం అటూ ఇటూగా కదులుతున్నారు.

"కదలట్లేదండీ"

వ్యాను డ్రైవరు మాట్లాడడానికి ఒప్పుకున్నాడు. కేసు పెట్టడానికి రాలేదని నమ్మించాక అసలు సంగతి చెప్పాడు.

"నేను గుడ్డిగా పోలేదండీ. లైటు చూశాను. గూడ్సు అనుకున్నాను."

"గూడ్సే అని ఎలా అనుకున్నారు?"

"అరనిమిషం అయినా రాలేదు కదండీ. ఎక్స్‌ప్రెస్ అయితే ఈపాటికి వెళ్ళిపోవాలి. పైగా ఆ హెడ్‌లైటు కదలట్లేదు. వచ్చేదైతే కదులుతున్నట్టు తెలుస్తుంది కదా?"

ఇందులో రెండు వాదనలున్నాయి, రెండూ జాగ్రత్తగా చూడాల్సినవే. ముందు రెండోది చూద్దాం.

పట్టాల పక్కన నిలబడ్డ మనిషికి రైలు దాదాపు ఎదురుగా వస్తుంది. పక్కకు జరుగుతున్నట్టు కనిపించదు. దగ్గరవుతోందని కంటికి తెలియాలంటే దాని ఆకారం పెద్దదవుతూ కనిపించాలి. ఆ పెరుగుదల వేగం రైలు వెడల్పును వేగంతో హెచ్చించి, దూరంతో రెండుసార్లు భాగిస్తే వస్తుంది. దూరంతో రెండుసార్లు భాగిస్తాం కాబట్టి రైలు దూరంగా ఉన్నంతసేపు ఆ పెరుగుదల దాదాపు సున్నా, దగ్గరికి వచ్చాక ఒక్కసారిగా ఉబికినట్టు అనిపిస్తుంది. మనిషి కన్ను పట్టగలిగే కనీస పెరుగుదల సెకనుకు 0.003 రేడియన్లు, అంటే డిగ్రీలో సుమారు ఆరో వంతు, అని సాధారణంగా తీసుకుంటాం. రైలు ముఖం వెడల్పు 3 మీటర్లు అనుకుంటే, 110 కి.మీ.తో వచ్చే ఎక్స్‌ప్రెస్ 175 మీటర్ల దగ్గరికి వచ్చేదాకా నిలబడ్డట్టే కనిపిస్తుంది. ఆ దూరం దాటడానికి దానికి ఆరు సెకన్లు కూడా పట్టదు. 30 కి.మీ. గూడ్సు 90 మీటర్ల దాకా నిలబడ్డట్టే ఉంటుంది.

ఇక 200 మీటర్ల దగ్గర రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ కదలని లైట్లే. ఒకటి ఆరున్నర సెకన్లలో వస్తుంది, ఇంకొకటి 24 సెకన్లలో. నిలబడ్డ వ్యాను పక్కకు తిరిగి, వంకరగా దాటి అవతలికి చేరడానికి ఏడెనిమిది సెకన్లు కావాలి. గూడ్సు ముందు బోలెడు టైము, ఎక్స్‌ప్రెస్ ముందు చావు. ఆ రెండిటినీ విడదీసి చూపించే ఆధారం ఏదీ ఆ దూరంలో కంటికి అందదు.

దీనికి తోడు ఇంకో భ్రమ ఉంది. పెద్ద వస్తువు అదే వేగంతో వెళ్ళే చిన్న వస్తువు కంటే నెమ్మదిగా వెళ్తున్నట్టు అనిపిస్తుంది. లెవెల్ క్రాసింగ్ ప్రమాదాల వెనక ఇది ఉండొచ్చని హెర్షెల్ లైబోవిట్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1985లో ప్రతిపాదించాడు. న్యూజిలాండ్‌లోని వైకాటో విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఒకే వేగంలో వచ్చే కారుతో పోలిస్తే రైలు వేగాన్ని జనం తక్కువగా అంచనా వేశారు. కాబట్టి "కదలట్లేదండీ" అన్నది సాకు కాదు. అతనికి నిజంగా కనిపించింది అదే.

ఆ పది సెకన్లు

ఇప్పుడు మొదటి వాదన: "ఎక్స్‌ప్రెస్ అయితే ఈపాటికి వెళ్ళిపోవాలి."

పాత ఏర్పాటులో ఇది అక్షరాలా నిజం. 765 మీటర్ల దగ్గర పసిగట్టిన ఎక్స్‌ప్రెస్ 25 సెకన్లలో వచ్చేసేది. అదే దూరం నుంచి గూడ్సుకు 92 సెకన్లు పట్టేది. అంటే లైటు వెలిగి అరనిమిషం గడిచినా రైలు రాలేదంటే అది గూడ్సే, ఇంకో నిమిషం టైముంది. ఈ సూత్రాన్ని ఎవరూ ఎవరికీ నేర్పలేదు. రోజూ దాటేవాళ్ళు తమకు తెలియకుండానే ఏళ్ళ తరబడి పట్టేశారు. చట్టం దృష్టిలో అప్పుడు కూడా అది నేరమే, రెండో లైను మీద ఇంకో రైలు వస్తే ఆ సూత్రం గల్లంతయ్యేది. అయినా చాలావరకు పనిచేసింది. పనిచేసినన్నాళ్ళూ ఇంకా గట్టిపడింది.

హెచ్చరికను పది సెకన్లు పెంచాక ఎక్స్‌ప్రెస్ 35వ సెకనుకు రావడం మొదలైంది. జనం కదిలేది ముప్పయ్యో సెకను ప్రాంతంలో. అంటే అదనపు సెకన్లు ఎక్స్‌ప్రెస్‌ను తీసుకొచ్చి సరిగ్గా వాళ్ళు పట్టాల మీద ఉండే క్షణంలో నిలబెట్టాయి.

ఇంతేనా అంటే కాదు. అదే మార్పు వల్ల గూడ్సు నిరీక్షణ 92 సెకన్ల నుంచి 128 సెకన్లకు పెరిగింది. వేగంగా వచ్చే బండికి పది సెకన్లు పెంచితే, నెమ్మదిగా వచ్చేదానికి 36 పెరిగాయి. ఇక పసిగట్టే చోటు యార్డులోకి జరగడంతో అంతకుముందు దాని జోలికి రాని షంటింగ్ ఇంజన్లు కూడా ఇప్పుడు గేటు వేయిస్తున్నాయి. లైటు వెలుగుతుంది, గేటు పడుతుంది, జనం ఆగుతారు, ఇంజను వెనక్కి పోతుంది, గేటు లేస్తుంది. "నాన్నా, పులి" కథే, కాకపోతే ఇక్కడ అరిచేది సిగ్నలు.

హెచ్చరిక మరీ ఎక్కువసేపు ఉంటే జనం దాన్ని నమ్మడం మానేస్తారన్నది కొత్త విషయమేమీ కాదు. రిచర్డ్స్, హీతింగ్టన్ అనే అమెరికా పరిశోధకులు 1990లోనే చెప్పారు: లైట్లు మాత్రమే ఉన్నచోట 40 సెకన్లు, గేట్లున్నచోట 60 సెకన్లు దాటితే నమ్మకం సడలుతుందని. అయినా ప్రతి ఘటన తర్వాత "ఇంకొంచెం టైము ఇద్దాం" అన్న మాట రావడం సహజం. ఎక్కువ హెచ్చరిక అంటే ఎక్కువ భద్రత అనిపిస్తుంది. ఆ అదనపు సెకన్లలో రోడ్డు మీద మనిషి ఊరికే నిలబడడు, ఆలోచిస్తాడు.

ఏం చేశాం, ఎందుకు

హెచ్చరికను తిరిగి 25 సెకన్లకు తెద్దామన్నాను. గదిలో అందరికీ టెన్షన్ మొదలైంది. త్రుటిలో తప్పిన ప్రమాదం తర్వాత హెచ్చరిక తగ్గించామని రేపు ఏదైనా జరిగితే ఎవరు సమాధానం చెప్పాలి? న్యాయమైన ప్రశ్నే. అందుకే 25 సెకన్లు అందరికీ సరిపోతాయా అన్నది ముందు తేల్చాం. అన్నిటికంటే ఎక్కువ టైము కావాల్సింది స్టాప్ లైను దగ్గర ఆగి బయలుదేరిన పొడవాటి లోడు లారీకి. దాని పొడవుతో కలిపి 35 మీటర్లు నడవాలి. లోడు మీద దాని వేగం ప్రతి సెకనుకూ సెకనుకు అర మీటరు చొప్పున పెరుగుతుందనుకుంటే 12 సెకన్లు, డ్రైవరు తేరుకోవడానికి రెండు, మొత్తం 14. లైటు వెలిగే క్షణానికి అది అప్పుడే కదిలి ఉన్నా 25 సెకన్లలో బయటపడుతుంది, చేతిలో ఇంకో పది సెకన్లు మిగులుతాయి.

అయితే సమయం తగ్గించి ఊరుకుంటే గూడ్సు నిరీక్షణ 92 సెకన్ల దగ్గరే ఉండిపోతుంది, పాత సూత్రం మళ్ళీ బతుకుతుంది. అది నాకు ఇష్టం లేదు. జనం గూడ్సునూ ఎక్స్‌ప్రెస్‌నూ టైమును బట్టి విడదీయగలిగినంతకాలం విడదీస్తూనే ఉంటారు. ఏ రైలైనా దాదాపు ఒకే సమయానికి వచ్చేలా చేస్తే ఆ విడదీతకు ఆధారమే పోతుంది.

రైలు వేగాన్ని కొలిచి, దానికి తగ్గట్టు లైటును ఆలస్యంగా వెలిగించే పరికరాలు చాలాకాలంగా ఉన్నాయి. పట్టాల్లో విద్యుత్ నిరోధం మారే తీరును బట్టి అంచనా వేసేవి ప్రసిద్ధం. ఈ లైను కరెంటు లైను కావడంతో వాటికి అవాంతరాలు ఎక్కువ. అందుకే పట్టా పక్కన రెండేసి చక్రాల సెన్సార్లు పెట్టి, ఒకదాన్నుంచి ఇంకోదాన్ని చేరడానికి పట్టిన సమయంతో వేగం కట్టే పద్ధతి ఎంచుకున్నాం.

అసలు చర్చ ఇక్కడ జరిగింది. 30 కి.మీ. అని కొలిచాం కదా అని, 92లోంచి 25 తీసేసి 67 సెకన్లు ఆగి లైటు వెలిగించలేం. కొలిచాక గూడ్సు వేగం పెంచుకుంటే? యార్డులోంచి బయటపడే బండి చేసేది అదే. ప్రతి సెకనుకూ సెకనుకు 0.2 మీటర్ల చొప్పున వేగం పెంచుకోగలదన్న చెడ్డ అంచనాతో లెక్క వేస్తే అది 765 మీటర్లను 55 సెకన్లలో చేరుకోగలదు. కాబట్టి లైటును 30 సెకన్లకు మించి ఆపకూడదు. బండి వేగం పెంచకపోతే జనం 62 సెకన్లు నిలబడాలి. 92 కంటే నయమే, కానీ నమ్మకం సడలే గీతకు అవతలే ఉంది. 520 మీటర్ల దగ్గర ఇంకో జత సెన్సార్లు పెట్టి మళ్ళీ కొలిస్తే నిరీక్షణ 46 సెకన్లకు దిగుతుంది. రెండో జత అనవసరం ఖర్చన్నవాళ్ళకు ఈ రెండు అంకెలే చూపించాను. మూడో జత అడగలేదు, దానివల్ల తగ్గే కొద్ది సెకన్లకు చెడిపోయే సామాను ఇంకొంత పెరుగుతుంది.

షంటింగ్ సంగతి దీనికంటే తేలికగా తేలింది. పసిగట్టే హద్దుకు చేరకముందే షంటింగ్ ఇంజన్లు ఆగేలా బోర్డు పెట్టి, సిగ్నల్ లేకుండా దాన్ని దాటకూడదన్నారు. కొత్త సెన్సార్లు వచ్చేలోపు వెంటనే చేయగలిగిన పని కూడా ఇదే. అప్పటిదాకా రద్దీ వేళల్లో గేటు దగ్గర ఒక మనిషిని నిలబెట్టారు.

రెండో రైలు గురించి వేరే ఆలోచన చేయాల్సి వచ్చింది. మొదటి రైలు పోగానే గేటు లేవడం, నాలుగు బళ్ళు కదలగానే మళ్ళీ పడడం ఇక్కడ జరిగేది. ఒకసారి ఆగి బయలుదేరినవాణ్ణి మళ్ళీ ఆపడం చాలా కష్టం. రెండో బండి దగ్గర్లో ఉంటే గేటు దించే ఉంచేలా మార్చాం. అలా ఉంచితే నిరీక్షణ పెరుగుతుంది, మళ్ళీ మొదటికే వస్తుంది కదా అని అడగొచ్చు. అందుకే "మరో రైలు వస్తోంది" అన్న వెలుగు బోర్డు పెట్టి, గంట స్వరం మార్చాం. ఎందుకు ఆగాలో తెలిసినవాడి ఓపిక వేరు.

చివరిది డివైడర్. గేటు ముందు కొంత దూరం రోడ్డు మధ్యలో అడ్డు పెడితే రాంగ్ సైడ్‌కి తిరగడం కుదరదు. అందరూ మొదటిరోజే అడిగింది ఇదే, నేను ఆఖరున ఒప్పుకున్నదీ ఇదే. క్రాసింగ్ దాటాక కొద్ది దూరంలో ట్రాఫిక్ సిగ్నల్ ఉంది. అక్కడ ఎర్రలైటు పడితే క్యూ వెనక్కి పెరిగి పట్టాల దాకా వస్తోంది. 1995 అక్టోబరులో అమెరికాలోని ఫాక్స్ రివర్ గ్రోవ్‌లో ఒక స్కూలు బస్సు అచ్చం ఇలాగే ముందు సిగ్నల్ కోసం ఆగింది. వెనక భాగం పట్టాల మీద ఉండిపోయింది, ఏడుగురు విద్యార్థులు చనిపోయారు. క్యూ పట్టాల దాకా వచ్చే చోట డివైడర్ పెడితే చిక్కుకున్న వాహనం పక్కకు తప్పుకునే దారి కూడా మూసినట్టే. అందుకని రైలు వస్తోందని తెలియగానే ముందు ఆ ట్రాఫిక్ సిగ్నల్‌కు పచ్చ పడి క్యూ ఖాళీ అయ్యేలా రెండిటినీ కలిపించాం. డివైడర్ ఆ తర్వాతే వేశారు.

వద్దన్నవి, పనిచేయనివి

రైలు రావడానికి ఇంకా ఎన్ని సెకన్లో చూపించే కౌంట్‌డౌన్ బోర్డు పెడదామన్న సూచన గట్టిగానే వచ్చింది. నేను ఒప్పుకోలేదు. మామూలు ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర కౌంట్‌డౌన్ చెప్పేది దారి ఎప్పుడు వస్తుందో. ఇక్కడ అది చెప్పేది తెగించడానికి ఇంకా ఎంత టైముందో. పైగా మన లెక్క రైలు వేగం మీద వేసిన అంచనా. ఒక గూడ్సు మధ్యలో వేగం పెంచుకుంటే బోర్డు 15 చూపిస్తుండగా బండి వచ్చేస్తుంది.

క్రాసింగ్‌కు ముందు రోడ్డు మీద చక్రాలు గరగరలాడే గీతలు కూడా వేయించారు. వేగంగా వచ్చేవాళ్ళు కాస్త ముందే నెమ్మదించారు. ఆగి మళ్ళీ కదిలేవాళ్ళలో ఏ మార్పూ లేదు. మొదటి రకంవాళ్ళకు పనికొచ్చే వస్తువు అది. తీసేయమని మాత్రం చెప్పలేదు.

తర్వాత

షంటింగ్ బోర్డు తప్ప మిగతా మార్పులన్నీ దాదాపు ఒకేసారి అమల్లోకి తెచ్చాం. విడివిడిగా తెస్తే ప్రతిసారీ జనం కొత్త సూత్రం కట్టుకునేవాళ్ళు. ముందుగా తగ్గింది గుంపుగా దాటడం. డివైడర్ వల్ల మొదటి కారు వెళ్ళలేకపోతే వెనకవాళ్ళకు అనుసరించడానికి ఎవరూ లేరు. కొత్తగా ఆ దారి పట్టినవాళ్ళు వెంటనే ఆగడం మొదలుపెట్టారు. పాతవాళ్ళకు చాలాకాలం పట్టింది. కొందరు అరనిమిషం కాగానే అలవాటుగా ఇంజను స్టార్ట్ చేయడం, ఆ తర్వాత కాసేపటికే గూడ్సు ముందు నుంచి పోతుంటే మళ్ళీ ఆపేయడం వీడియోల్లో కనిపించేది. టూవీలర్లలో కొన్ని ఫుట్‌పాత్ ఎక్కి దాటడం మొదలుపెట్టాయి. దాన్ని కంచెతో చాలావరకు ఆపారు.

మెయింటెనెన్స్ వాళ్ళతో మాత్రం ఎక్కువ వాదించాల్సి వచ్చింది. సెన్సార్ చెడితే వ్యవస్థ వచ్చే ప్రతి బండినీ ఎక్స్‌ప్రెస్ కింద లెక్కగట్టి 765 మీటర్ల దగ్గరే లైటు వెలిగిస్తుంది. రైల్వే భాషలో అది సురక్షితమైన లోపం, తీరిగ్గా బాగు చేయొచ్చు. కానీ ఆ లోపం నాలుగు రోజులుంటే గూడ్సు మళ్ళీ 92 సెకన్లకు వస్తుంది, పాత సూత్రం మళ్ళీ నిజమవుతుంది. అందుకే దాన్ని లైటు వెలగని లోపంతో సమానంగా చూడాలని కాంట్రాక్టులో రాయించాను. 60 సెకన్లు దాటిన ప్రతి మూసివేతా ఇప్పుడు లాగ్‌లో విడిగా పడుతుంది. వాటిలో ఎక్కువ భాగం హద్దు దాటాక సిగ్నల్ కోసం ఆగిపోయే గూడ్సులవే. ఆగిన బండి మళ్ళీ ఎప్పుడు కదులుతుందో ఏ సెన్సారూ చెప్పలేదు. ఆ సిగ్నల్‌ను హద్దుకు అవతలికి జరపడం ఒక్కటే దారి, దాని అంచనాలు ఇంకా తయారవుతున్నాయి.